నిలువు నామాలు, అడ్డ పట్టెలు: నెల్లూరులో ఒక జిప్సం గోడకు రంగు వేసిన వైనం

నెల్లూరు బాలాజీ నగర్‌లోని ఒక డాబా ఇంట్లో పై అంతస్తు హాలును రెండు గదులుగా విడగొట్టాలని ఇంటి యజమాని అనుకున్నారు. ఆయన హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరైనవారు. అడ్డుగోడ రావలసిన చోట కింద దూలం లేనందువల్ల ఇటుక గోడ వద్దని ఇంజినీరు చెప్పారు. ఇరువైపులా ప్లాస్టరు చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 250 కిలోల బరువు మోపుతుంది. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చట్రానికి రెండు పక్కలా, ముఖాలకు కాగితం అతికిన 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఒక్కో పొర బిగిస్తే ఆ బరువు 25 కిలోలకు అటూ ఇటూగా తేలిపోతుంది. అందువల్ల బోర్డు గోడే ఖాయమైంది. గోడ పొడవు 24 అడుగులు, ఎత్తు 10 అడుగులు. తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. తూర్పు కొసన బాల్కనీలోకి తెరుచుకునే నిలువెత్తు అద్దాల తలుపు ఉంది. చదివేవారు ఈ తలుపును గుర్తుంచుకోవాలి. ఆనాడు నేను గుర్తుంచుకోలేదు.

చట్రం వేసి బోర్డులు బిగించిన మనుషులు వేరు. జాయింట్లు పూడ్చడం, రంగు వేయడం మా వంతు. బోర్డులు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గలవి కాబట్టి పదడుగుల ఎత్తుకు ప్రతి వరుసలోనూ రెండడుగుల ముక్క ఒకటి అతకవలసి వచ్చింది. ఆ ముక్కను ఒక వరుసలో పైన, పక్క వరుసలో కింద పెట్టి అడ్డ జాయింట్లన్నీ ఒకే గీతలో పడకుండా చూశారు. అది సరైన పద్ధతే. ఆ విధంగా గోడకు ఒక్కో వైపు ఐదు నిలువు జాయింట్లు, ఆరు అడ్డ జాయింట్లు వచ్చాయి. అడ్డ జాయింట్లలో మూడు నేల నుంచి రెండడుగుల ఎత్తున, మూడు ఎనిమిదడుగుల ఎత్తున ఉన్నాయి.

ఈ రెండు రకాల జాయింట్లకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బోర్డు పొడవు అంచులను ఫ్యాక్టరీలోనే కొద్దిగా పలచన చేస్తారు. అలాంటి రెండు అంచులు పక్కపక్కన చేరితే మధ్యలో లోతులేని పల్లం ఏర్పడుతుంది. జాయింటు మీద అతికించే టేపు, దాన్ని కప్పే కాంపౌండు అనే మెత్తటి ముద్ద ఆ పల్లంలో ఒదిగి గోడతో సమమవుతాయి. కురచ అంచులకూ, రంపంతో కోసిన అంచులకూ ఈ పల్లం ఉండదు. అక్కడ టేపు వేశామంటే అది గోడకన్నా ఎత్తుగానే నిలుస్తుంది. ఆ ఎత్తును కనిపించకుండా చేయాలంటే ఇరుపక్కలకూ బాగా దూరం లాగి వాలు కలపడం ఒక్కటే మార్గం.

పని అక్టోబరు చివరి వారంలో మొదలైంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే పడుతుందని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. గాలిలో తడి ఉంది, జాయింట్లు ఆరడం లేదు, ఇంట్లో శుభకార్యం దగ్గర పడుతోంది. తొమ్మిది రోజుల్లో ముగించాము. చివరి కోటు లేత మీగడ రంగు, కొద్దిపాటి మెరుపున్న సాఫ్ట్ షీన్ ఎమల్షన్. రాత్రి తొమ్మిదింటికి ట్యూబులైటు వెలుగులో చూసుకుంటే గోడ పాలమీగడలా కనిపించింది. బకెట్లు కడుక్కొని ఇంటికి వెళ్లాము.

మరునాడు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. ఏడు కాకముందే సారు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి ఆయన బాల్కనీ తలుపు దగ్గర కుర్చీ వేసుకొని గోడ వెంబడి చూస్తున్నారు. "ఏందబ్బాయ్ ఇది, నామాలు పెట్టింది గోడకా, నాకా?" అని అడిగారు. ప్రతి నాలుగడుగులకూ ఒకటి చొప్పున, జానెడు వెడల్పున, నేల నుంచి పైకప్పు దాకా ఐదు నిలువు చారలు కళ తప్పి కనిపిస్తున్నాయి. నవంబరు మొదట్లో మన ప్రాంతంలో సూర్యుడు నికరమైన తూర్పున కాక సుమారు 16 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. ఆ కిరణాలు తలుపులోంచి వచ్చి దక్షిణ ముఖంగా ఉన్న మా గోడను ఒరుసుకుంటూ పడమటి కొస దాకా పాకుతున్నాయి. గోడలో ఏ లోపమున్నా అలాంటి వెలుగు ముందు దాగదు. సూర్యుడు ఇంకాస్త పైకెక్కి వెలుగు ఏటవాలుగా కిందికి దిగేసరికి, రెండడుగుల ఎత్తున మూడు అడ్డ పట్టెలు కూడా తేలాయి. నిలువు నామాల కింద విభూతి పట్టెలన్నమాట. సారు ఇక నవ్వలేదు.

తప్పు ఏమిటో తేల్చుకోకుండా ఇంకొక కోటు వేయడం మా పనిలో అందరూ చేసే మొదటి పొరపాటు. నాకూ ఆ ఆలోచనే వచ్చిందని ఒప్పుకుంటాను. అయితే మెరుపున్న రంగు మరో కోటు పడేకొద్దీ చారలను మరింత ఎత్తి చూపుతుందని గతంలో ఒక దుకాణం పనిలో చూసి ఉన్నందువల్ల ఆగాను. ఆ రోజంతా రంగు డబ్బా తెరవకుండా గోడను పరీక్షించడానికే కేటాయించాను.

ముందుగా నాలుగడుగుల అల్యూమినియం బద్దను నిలువు జాయింట్లకు అడ్డంగా ఆనించాను. మా పరికరాల్లో సందు కొలిచే ఫీలర్ గేజి లేదు కాబట్టి ఏటీఎం కార్డునే కొలతగా వాడాను; దాని మందం 0.76 మిల్లీమీటర్లు. నిలువు జాయింట్లలో ఎక్కడా బద్ద కింద కార్డు దూరలేదు. అంటే అక్కడ గోడ సమంగానే ఉంది, చార మాత్రం ఉంది. అదే బద్దను అడ్డ జాయింట్ల మీద నిలువుగా ఆనించినప్పుడు అది తూగుటుయ్యాలలా ఆడింది. రెండు కొసలనూ సమంగా పట్టి చూస్తే ఒక్కో కొస కింద రెండు కార్డులు దూరాయి. అంటే అక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉబ్బు నిజంగానే ఉంది. కంటికి రెండూ చారలే అయినా రోగాలు వేరు, మందులూ వేరే. మొదటిది మెరుపులో తేడా, రెండవది మట్టంలో తేడా. బద్ద అందుబాటులో లేనివారు ఎల్ఈడీ దీపాన్ని గోడకు ఎదురుగా దూరంగా పట్టి చూసినా ఈ సంగతి కొంత తెలుస్తుంది. ఉబ్బువల్ల వచ్చిన చార ఎదురు వెలుగులో మాయమవుతుంది; మెరుపు తేడావల్ల వచ్చినది మాత్రం పక్కకు ఒదిగి చూసినప్పుడు ఎక్కడి నుంచయినా పట్టుబడుతుంది. పైన ఎనిమిదడుగుల ఎత్తున ఉన్న మూడు జాయింట్లకు ఎండ తగలదు కాబట్టి అవి ఉదయం తప్పించుకున్నాయి. నిచ్చెన ఎక్కి పైకప్పు దగ్గరి నుంచి దీపం కిందికి వేస్తే అవీ ఉబ్బే ఉన్నాయి.

మెరుపు తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి మిగిలిన బోర్డు ముక్క ఒకటి తీసుకొని, దాని మీద జాయింట్ కాంపౌండు పూసి ఆరనిచ్చి, కాగితం మీద ఒక నీటి చుక్క, కాంపౌండు మీద ఒక నీటి చుక్క వేశాను. కాంపౌండు చుక్కను కొద్ది సెకన్లలో మింగేసింది. కాగితం మీది చుక్క గుండ్రంగా నిలబడి చాలాసేపు అలాగే ఉంది. గోడ మీద జరిగిందీ ఇదే. కాంపౌండు ఉన్న మేర రంగులోని తడిని, జిగురును తొందరగా లాగేసుకుంది; అక్కడ పొర పలచబడి మెరుపు చచ్చిపోయింది. కాగితం ఉన్న మేర పొర పైనే నిలిచి మెరిసింది. ఈ దాహం తేడాను తీర్చవలసింది రంగుకు ముందు వేసే ప్రైమరు. ఆ ప్రైమరును మేమే చంపేశాము.

సిమెంటు గోడ మీద పెరిగిన చేతులకు ప్రైమరును నీళ్లు బాగా పోసి పలచన చేయడం అలవాటు. నా దగ్గర పనిచేసే కుర్రవాడు లీటరు ప్రైమరుకు లీటరు నీళ్లు కలిపాడు; డబ్బా మీద రాసినదానికన్నా అది చాలా ఎక్కువ. గరుకైన ప్లాస్టరు గోడకు అది కొంతవరకు చెల్లిపోతుంది. ఇక్కడ ఆ నీళ్ల ప్రైమరును కాంపౌండు అంతా తాగేసి పైన ఏమీ మిగల్చలేదు. కాగితం మాత్రం తడిసి నూగు లేచింది. దానికి తోడు జాయింట్లను 80 నంబరు ఎమరీ కాగితంతో రుద్దారు. సిమెంటు లప్పం గట్టిది కాబట్టి దాన్ని లొంగదీయడానికి ముతక కాగితం పట్టడం మామూలే. కాంపౌండు మెత్తన, 80 నంబరు దాన్ని దాటి పక్కనున్న బోర్డు కాగితాన్ని కూడా గీకింది. వేలితో నిమిరితే ప్రతి చార అంచునా అర అంగుళం మేర పీచు లేచి, గడ్డం గీసుకోని చెంపలా గరగరలాడుతోంది.

మూడవ తప్పు కింది మూల దగ్గర బయటపడింది. బిగించేటప్పుడు దెబ్బ తగిలిన చోట ఒకరు గోడను నీళ్లతో తడిపి వైట్ సిమెంటు లప్పం పెట్టారు. ప్లాస్టరు గోడకైతే అది శాస్త్రమే: తడపాలి, లప్పం పెట్టాలి, మళ్లీ తడపాలి. జిప్సం బోర్డుకు బలమిచ్చేది పైనున్న కాగితం. దాన్ని తడిపితే అది లోపలి జిప్సంనుంచి విడుతుంది. పైగా తడి ఉన్నచోట సిమెంటుకూ జిప్సంకూ పొసగదు. లప్పం బ్లేడు మొన అలా ఆనించానో లేదో, అరచేతి వెడల్పు పెచ్చు కాగితంతో సహా ఊడివచ్చింది.

స్క్రూల సంగతి చిన్నదే. స్క్రూ తల కాగితాన్ని చీల్చకుండా గోడ మట్టానికి కాస్త లోపలికి దిగాలి. చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ గుంటలను వానల్లో ఒక్క పూతతో పూడ్చడంవల్ల ఆరిన తరువాత కాంపౌండు కుదించుకుపోయి వరుసగా మశూచి మచ్చల్లా తేలాయి. రెండుచోట్ల మాత్రం తల కాగితాన్ని చీల్చి లోపలికి పోయింది. అక్కడ బోర్డును పట్టి ఉంచేదేమీ లేదు. వేలితో నొక్కితే బోర్డు కదిలింది. పక్కన రెండంగుళాల దూరంలో కొత్త స్క్రూ వేసి పాతది తీసేశాము.

సారుకు ఇదంతా దాచకుండా చెప్పాను. కూలి నాది, సామాను ఖర్చులో సగం ఆయనది అని ఒప్పుకున్నాము. రంగును మెరుపు లేని మాట్‌కు మార్చుకుంటే పని తేలికవుతుందని కూడా చెప్పాను. మాట్ వెలుగును చెదరగొడుతుంది కాబట్టి చిన్న లోపాలు కప్పుకుపోతాయి. మనవలు చేతులు ఆనిస్తారు, తుడుచుకోవడానికి వీలుండాలి, సాఫ్ట్ షీనే కావాలని ఆయన అన్నారు. అది న్యాయమైన కోరికే.

ఇక్కడ ఒక కొలమానం గురించి చెప్పాలి. అమెరికాలోని జిప్సం అసోసియేషన్ వారి జీఏ-214 అనే పత్రం బోర్డు గోడ ముగింపును 0 నుంచి 5 వరకు స్థాయులుగా విడదీసింది. నాలుగవ స్థాయి అంటే జాయింట్లకు టేపు వేసి దానిపైన రెండు కోట్లు, స్క్రూ తలలకు మూడు కోట్లు కాంపౌండు పెట్టడం. ఐదవ స్థాయి అంటే దానిపైన గోడ మొత్తానికీ పలచటి పూత పూసి, కాగితం, కాంపౌండు అనే తేడా లేకుండా చేయడం. మెరుపు రంగులకూ, గోడను ఒరుసుకుంటూ వెలుగు పడే చోట్లకూ ఐదవ స్థాయి కావాలని ఆ పత్రం సూచిస్తుంది. మా గోడకు ఆ రెండు కారణాలూ ఉన్నాయి. మేము చేసినది నాలుగవ స్థాయి కూడా కాదు. మన ఊళ్లలో చదరపు అడుగు లెక్కన ధర మాట్లాడేటప్పుడు ఈ స్థాయి ఏమిటో ఎవరూ అడగరు, మేమూ చెప్పము. గొడవలన్నీ అక్కడే పుడతాయని నా అభిప్రాయం.

మరమ్మతు దక్షిణ ముఖానికే చేశాము. ముందు గోడ మొత్తాన్ని 220 నంబరు కాగితంతో తేలికగా రుద్ది మెరుపు చంపి, దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులిపి, బాగా పిండిన గుడ్డతో తుడిచాము. ఊడిన మూలలో చెదిరిన కాగితాన్ని బ్లేడుతో శుభ్రంగా కోసి, బయటపడిన గోధుమరంగు పొరకు ముందు ప్రైమరు పట్టించి ఆరనిచ్చాము. ఆ పొరమీద నేరుగా కాంపౌండు పెడితే తడికి బుడగలు లేస్తాయి.

అడ్డ జాయింట్లకు గట్టిపడే రకం కాంపౌండు తీసుకున్నాము. కాంపౌండుల్లో రెండు జాతులున్నాయి. బకెట్‌లో తయారుగా వచ్చేది నీరు ఆరితేనే గట్టిపడుతుంది. వానాకాలంలో దానికి రోజున్నర కూడా చాలదు, ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. నీళ్లు కలుపుకొనే పొడి రకంలో జిప్సం ప్లాస్టరు ఉంటుంది. అది నీటితో కలిసి తిరిగి జిప్సంగా మారి గట్టిపడుతుంది కాబట్టి వానతో దానికి పెద్దగా పని లేదు, కుదింపూ తక్కువ. అయితే గట్టిపడ్డాక రుద్దడం కష్టం. అందుకని ఉబ్బులు సరిచేయడానికి పొడి రకం, పైపూతకు బకెట్ రకం అని పంచుకున్నాము. మొదటిసారి ఆరంగుళాల బ్లేడుతో పదంగుళాల వెడల్పున ముగించిన అడ్డ జాయింటును ఈసారి పన్నెండంగుళాల బ్లేడుతో టేపుకు పైన ఒక అడుగు, కింద ఒక అడుగు దాకా లాగాము. ఉబ్బును తీసేయలేదు, తీయడం కుదరదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తును రెండడుగుల మేర పరిచేసరికి కన్ను దాన్ని పట్టుకోలేకపోయింది.

తరువాత గోడంతా పైపూత. 240 చదరపు అడుగులకు రెండు కోట్లు కలిపి 20 కిలోల బకెట్లు రెండు తీసుకుంటే అడుగున కొంత మిగిలింది. మొదటి కోటు నిలువుగా, రెండవది అడ్డంగా లాగాము. రెండూ కలిసినా మందం మిల్లీమీటరు దాటకుండా చూసుకున్నాము. కోటుకూ కోటుకూ మధ్య రెండు రోజులు వదిలాము. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ముంజేతి వెనుక భాగాన్ని గోడకు ఆనించడం నా పద్ధతి. తడి మిగిలిన చోట చల్లగా తగులుతుంది. పైకి తెల్లబడినా ఆ చల్లదనం పోయేదాకా కుర్రవాళ్లను ఎమరీ కాగితం ముట్టనివ్వలేదు.

రుద్దేటప్పుడు దీపాన్ని గోడకు చేరువగా నేలమీద పెట్టి, వెలుగు గోడ వెంబడి సాగేలా ఉంచాము. 180తో మొదలుపెట్టి 220తో ముగించాము. లోపం కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న సున్నా చుట్టాము. పెన్సిలే ఎందుకంటే, పూర్వం ఒంగోలులో ఒక పనిలో మా వాడు బాల్ పెన్నుతో చుట్టిన సున్నాలు రెండు కోట్ల రంగును దాటుకొని నీలంగా పైకి వచ్చాయి.

ప్రైమరు ఈసారి డబ్బా మీద చెప్పినంత నీటితోనే కలిపాము. ప్రైమరు పడ్డాక గోడ ఒకే రంగులోకి వస్తుంది కాబట్టి అప్పటిదాకా దాగిన లోపాలు కొన్ని కొత్తగా కనిపిస్తాయి. అవి పూడ్చి, పూడ్చిన చోట్ల మళ్లీ ప్రైమరు ముట్టించాము. ఈ చివరి మాటను చాలామంది వదిలేస్తారు. వదిలితే నామాలకు బదులు బొట్లు మిగులుతాయి. ఆ మరునాడు ఉదయం ఆరున్నరకు సారును పిలిచి, రంగు వేయకముందే ఎండలో గోడ చూపించాను. ఆయన బద్ద అడిగి తీసుకొని, కార్డు కూడా తన జేబులోంచే తీసి, తొమ్మిదిచోట్ల పెట్టి చూశారు. పరీక్ష పేపరు దిద్దినట్టుంది ఆ చూడటం.

రంగు వేయడానికి రెండు రంగు బకెట్లనూ ఒక పెద్ద డ్రమ్ములో కలిపి ఒక్కటి చేశాము. ఫ్యాను ఆపి, బాల్కనీ తలుపు మూసి, ఒకరు అంచులు తీస్తుంటే మరొకరు వెనువెంటనే రోలరు తిప్పుతూ, ముందటి పట్టె తడి ఆరకముందే పక్క పట్టె కలిసేలా గోడను ఒకే విడతలో ముగించాము. చివరి రోలరు లాగుడు అంతటా పైనుంచి కిందికే. మధ్యలో టీకి ఆగితే ఆగిన చోట గీత పడుతుంది. కాబట్టి టీ ముందే తాగించాను. తరువాత ఒకచోట వేలిముద్ర పడితే దాన్ని కూడా బ్రష్షుతో కాక చిన్న రోలరుతోనే దిద్దాము, ఎందుకంటే బ్రష్షు నేత వేరు, రోలరు నేత వేరు.

ఉత్తర ముఖాన్ని ముట్టుకోలేదు. అది పడకగది వైపు. ఆ గది కిటికీ ఎదురుగోడకు ఉంది, వెలుగు నేరుగా పడుతుంది. ముందే మాట్ రంగు వేసి ఉన్నాము. అక్కడా జాయింట్ల ఉబ్బు ఉంది, బద్ద పెడితే ఆడుతుంది. కనిపించని ఉబ్బుకు పదకొండు రోజుల పని చేయడం అనవసరమని నేను అన్నాను, సారు కూడా సరే అన్నారు.

ఏప్రిల్‌లో మళ్లీ ఫోను వచ్చింది. బోర్డు గోడ పాత ఇటుక గోడను కలిసే పడమటి మూలలో, పైనుంచి నాలుగడుగుల మేర వెంట్రుక మందం పగులు వచ్చింది. ఆ రెండు గోడలూ ఎండకు ఒకేలా కదలవు; వాటి మధ్య సందును నేను గట్టిపడే కాంపౌండుతో బిగించేశాను. పగులును బ్లేడుతో వెడల్పు చేసి, సాగే గుణమున్న యాక్రిలిక్ సీలెంటు నింపి, మిగిల్చి పెట్టుకున్న రంగుతో దిద్ది వచ్చాను. గంట పని.